స్పానిష్ కాంట్రాక్టులో కార్గో అంటే ఖర్చు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో స్పానిష్ కాగితం బల్లమీదికొచ్చే ఉద్యోగాలు మనం అనుకునేంత తక్కువేం కాదు. వనామి రొయ్యల్ని శుభ్రం చేసి, గడ్డకట్టించి పంపే ప్లాంట్లలో డాక్యుమెంటేషన్ చూసేవాళ్లున్నారు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ అమ్మే ఆఫీసులున్నాయి. వాళ్ల లెక్కలు చూసే ఆడిటర్లు, తగాదా వస్తే నోటీసుకు జవాబు రాసే లాయర్లు ఉన్నారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లాక రొయ్యల వ్యాపారం వేరే మార్కెట్ల వైపు గట్టిగా చూడాల్సి వచ్చింది. యూరప్‌లో చేపలు, రొయ్యలు బాగా తినే దేశాల్లో స్పెయిన్ ఒకటి. ఇక రొయ్యల ఎగుమతిలో ప్రపంచంలోనే ముందున్న ఈక్వడార్, అంటే మనకు అసలైన పోటీదారు, మాట్లాడేదీ స్పానిషే.

ఈ అవసరం కోసం కోర్సులో చేరినవాళ్లకు కొన్ని నెలలు తిరిగేసరికి ఒక ఇబ్బంది ఎదురవుతుంది. హోటల్లో గది అడగడం, ఇంట్లోవాళ్ల గురించి నాలుగు ముక్కలు చెప్పడం వచ్చేస్తుంది. కాంట్రాక్టు తెరిస్తే మాత్రం రెండో లైను దగ్గరే ఆగిపోతారు. లీగల్ పదాలు కష్టం కాబట్టి ఇలా అవుతోందని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయం వేరు. కష్టమైన పదం మనల్ని మోసం చెయ్యదు. అది తెలియదని మనకు తెలుసు, కాబట్టి డిక్షనరీ తీస్తాం. మోసం చేసేవి రెండు రకాలు. ఒకటి, ఇంగ్లీషు చదివిన కళ్లకు తెలిసినట్టే కనిపించే పదాలు. రెండు, వాక్యంలో ఒక మూలన కూర్చుని డబ్బు ఎవరు కట్టాలో, ఎప్పుడు కట్టాలో తేల్చేసే చిన్న మాటలు. వీటి మీద పట్టు చిక్కితే మిగతా పదజాలం పనిలో పడ్డాక దానంతట అదే పెరుగుతుంది.

కార్గో అనగానే మనకు ఓడెక్కే సరుకు గుర్తొస్తుంది. స్పానిష్‌లో సరుకుకు మాట కార్గా. కార్గో అంటే ఒకరి మీద పడే భారం, ఖర్చు; మరోచోట పదవి, హోదా. ఇప్పుడు ఈ లైను చూడండి: ‘గాస్తోస్ దె దెస్కార్గా ఆ కార్గో దెల్ వెందెదోర్’. గాస్తోస్ అంటే ఖర్చులు, దెస్కార్గా అంటే కంటెయినర్ నుంచి సరుకు దించడం. వెందెదోర్ అమ్మినవాడు. మొత్తం కలిపితే సరుకు దించే ఖర్చు అమ్మినవాడి నెత్తిన. కార్గో దగ్గర సరుకు అనుకుని ‘అమ్మకందారు సరుకు దించే ఖర్చులు’ అని పైపైన చదివి వదిలేస్తే, ఆ ఖర్చు ఎవరిదో ఈ లైనులోనే రాసి ఉందన్న సంగతి పట్టుకోలేం. ఇలాంటి లైన్లు ధర రాసిన పేజీలో ఉండవు. వెనక ఎక్కడో ‘ఇతర నిబంధనలు’ కింద ఉంటాయి.

ఫిర్మా అంటే సంస్థ కాదు, సంతకం. రాసోన్ సొసియాల్ అంటే కంపెనీ రిజిస్టరైన పూర్తి పేరు. కంపెనీ కాగితాల్లో సొసియాల్ అన్న మాట ఎక్కడ కనిపించినా ‘కంపెనీకి చెందిన’ అని చదువుకుంటే చాలావరకు సరిపోతుంది: దొమిసీలియో సొసియాల్ రిజిస్టర్డ్ ఆఫీసు, కపితాల్ సొసియాల్ షేర్ క్యాపిటల్, ఒబ్హేతో సొసియాల్ ఆ కంపెనీ ఏ వ్యాపారం కోసం పెట్టారన్న వివరం. ఎహెర్సీసియో అంటే వ్యాయామం అని కోర్సులో చెబుతారు, బ్యాలెన్స్ షీట్ మీద అది ఆర్థిక సంవత్సరం. సెంతెన్సియా అంటే కోర్టు తీర్పు, సివిల్ కేసులో కూడా అదే మాట, జైలుశిక్ష అక్కర్లేదు. దెమాందా కోర్టులో దావా, మార్కెట్లో గిరాకీ. ఎంబార్గో అంటే ఆస్తి జప్తు. కానీ ముందు సిన్ చేరి ‘సిన్ ఎంబార్గో’ అయితే ‘అయినప్పటికీ’ అన్న మామూలు మాటే. లెటర్లో ఎంబార్గో చూసి టెన్షన్ పడేముందు దాని ముందు మాట చూసుకోవాలి.

డబ్బును కదిపే చిన్న మాటలు

ఇక అసలు విషయం. కొనుగోలు ఆర్డర్లో ఇలాంటి వాక్యం తరచూ ఉంటుంది: ‘ఎల్ పాగో సె ఎఫెక్తువారా ఆ 60 దియాస్ ఫేచా ఫక్తూరా, ప్రేవియా అసెప్తసియోన్ దె లా మెర్కన్సీయా ఎన్ దెస్తీనో.’

మొదటి సగం సులువు. పాగో చెల్లింపు, దియాస్ రోజులు, ఫేచా తేదీ, ఫక్తూరా ఇన్వాయిస్. ఇన్వాయిస్ తేదీ నుంచి 60 రోజులకు డబ్బు వస్తుంది. ఇక్కడికి చదివి బ్యాంకు లెక్కలు వేసుకునేవాళ్లే ఎక్కువ. కామా తర్వాత ఉన్న ప్రేవియా అన్న ఒక్క మాట ఆ లెక్కను తిరగరాస్తుంది. ‘ముందుగా ఫలానాది జరిగిన మీదట’ అని దాని అర్థం. అంటే సరుకు గమ్యం చేరాలి, కొన్నవాడు దాన్ని ఒప్పుకోవాలి, అప్పుడే చెల్లింపు. ఒప్పుకోవడానికి గడువేమీ రాయలేదు. ఎవరు పరీక్షిస్తారు, ఏ ల్యాబు రిపోర్టు చెల్లుతుంది అన్నదీ లేదు. రొయ్యల్లాంటి సరుకులో ఇది చిన్న విషయం కాదు. యాంటీబయాటిక్ అవశేషాల భయంతో భారత్ నుంచి వచ్చే పెంపకపు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో తనిఖీ చేసేవాటి వాటాను యూరోపియన్ యూనియన్ 2016లో 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. సరిహద్దు దగ్గర సరుకు ఆగినన్ని రోజులూ ఆ ప్రేవియా మన డబ్బును ఆపి ఉంచుతుంది.

ఇలాంటివి ఇంకొన్ని ఉన్నాయి. సాల్వో అంటే ‘తప్ప’. ‘సాల్వో పాక్తో ఎన్ కొంత్రారియో’ అంటే వేరుగా ఒప్పుకుంటే తప్ప. ‘సిన్ పెర్హుయిసియో దె’ అంటే ఫలానా హక్కుకు భంగం లేకుండా. ఇది కనిపిస్తే ఈ నిబంధన ఇచ్చిన హక్కుతో పాటు ఇంకో హక్కు కూడా అవతలివాడి చేతిలో ఉందని గుర్తు. ‘ఎన్ సు దెఫెక్తో’లో లోపం అన్న అర్థమే లేదు, ‘అది లేని పక్షంలో’ అని. ‘ఎన్ సు కాసో’ అంటే ‘అతని కేసులో’ కాదు, ‘వర్తించే చోట’. ‘తోదా వేస్ కె’ మాటకు మాట విడదీస్తే ‘ప్రతిసారీ’ అనిపిస్తుంది, కాంట్రాక్టులో దానర్థం ‘ఎందుకంటే’. ఈ అరడజను మాటల్ని నోటికొచ్చేలా చేసుకున్నవాడు, వెయ్యి నామవాచకాలు బట్టీ పట్టినవాడికన్నా కాంట్రాక్టు బాగా చదువుతాడని నా గట్టి నమ్మకం.

ఇంగ్లీషు కాపీ ఎలాగూ ఉంటుంది కదా, ఈ బాధంతా ఎందుకని అడగొచ్చు. రెండు కాలమ్‌ల కాంట్రాక్టుల్లో చివర ఒక వాక్యం ఉంటుంది. దానిలో ప్రెవలెసెరా అన్న మాట వెతకండి. రెండు భాషల మధ్య తేడా వస్తే ఏ భాష ప్రతి చెల్లుతుందో చెప్పేది అదే. అక్కడ స్పానిష్ ప్రతి చెల్లుతుందని ఉంటే, మనం కష్టపడి చదివిన ఇంగ్లీషు కాలమ్ ఒక సహాయపత్రం మాత్రమే.

మన దస్తావేజు భాష తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు

ఈ విషయంలో తెలుగువాళ్లకు ఒక మంచి ఆసరా ఉంది. రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర డాక్యుమెంట్ రైటర్ రాసే తెలుగు మనం ఇంట్లో మాట్లాడే తెలుగు కాదు. ‘సదరు ఆస్తి’, ‘దిగువ సంతకము చేసిన’, ‘ఇకపై కొనుగోలుదారు అని వ్యవహరింపబడును’, ‘చెల్లించవలెను’. స్పానిష్ లీగల్ భాష అచ్చం ఈ బాణీలోనే నడుస్తుంది. దీచో అంటే సదరు. ‘దీచో కొంత్రాతో’ సదరు కాంట్రాక్టు. ‘ఎన్ అదెలాంతె’ అంటే ఇకపై. ‘అబాహో ఫిర్మాంతె’ అంటే దిగువ సంతకం చేసినవాడు. మన ‘వలెను’ చేసే పనిని అక్కడ భవిష్యత్కాలం చేస్తుంది: ‘ఎల్ కొంప్రదోర్ పగరా’ అంటే పైకి ‘కొన్నవాడు చెల్లిస్తాడు’, కాంట్రాక్టులో ‘కొన్నవాడు చెల్లించవలెను’. క్రియ చివర ‘రా’ వినిపించిన ప్రతిచోటా ఎవరో ఒకరి మీద ఒక బాధ్యత పడిందని పెన్సిల్‌తో గీత పెట్టుకుంటే, గంటలో కాంట్రాక్టు అస్థిపంజరం బయటపడుతుంది. దెబెరా తప్పనిసరి, పొద్రా మాత్రం ‘రా’తో ముగిసినా ఇష్టాన్ని బట్టి. అవతలివాళ్ల పేరు పక్కన పొద్రాలు, మన పేరు పక్కన దెబెరాలు గుట్టగా ఉంటే, బేరం ఇంకా అయిపోలేదని అర్థం.

ఇంకొక సంగతి నాకు చాలా ఇష్టం. స్పెయిన్‌లో శతాబ్దాలపాటు అరబ్బుల పాలన నడిచింది. మన వైపు పారసీ, ఉర్దూల ద్వారా పరిపాలన మాటలొచ్చాయి. అందుకే కొన్ని వ్యాపారపు మాటలు రెండు చోట్లా ఒకే ఇంటివి. కస్టమ్స్‌ను స్పానిష్‌లో అదువానా అంటారు. అది అరబ్బీ దీవాన్ నుంచి వచ్చింది, మన దివాణం కూడా అక్కడిదే. అద్దెకు వాళ్ల మాట అల్కిలేర్. మొదట్లో ఉన్న అరబ్బీ ‘అల్’ తీసేస్తే మిగిలేది మన కిరాయికి మూలమైన మాటే. గోడౌనుకు అల్మసేన్, సరుకుకు దారిలో జరిగిన నష్టానికి అవెరీయా, ఇవీ అరబ్బీవే. అవెరీయాను మాత్రం రొయ్యల, గ్రానైట్ ఆఫీసులవాళ్లు ముందుగా నేర్చుకోవాలి. ఓడను కాపాడటానికి కొంత సరుకు వదులుకున్నా, అదనపు ఖర్చు పెట్టినా ఆ నష్టాన్ని ఓడలో సరుకున్న అందరికీ పంచే పద్ధతి పేరు ‘అవెరీయా గ్రుఎసా’. మన కంటెయినర్ భద్రంగా ఉన్నా మన వాటా కట్టాల్సి రావచ్చు.

పదం ఒకటే, చట్టం వేరు

అర్థం తెలిసినా సరిపోని పదాలు కొన్ని ఉన్నాయి. లాయర్లు, ఆడిటర్లు ఆగి చూడాల్సింది వీటి దగ్గర.

హామీ సంతకం సంగతి తీసుకుందాం. ఇద్దరు భాగస్వాములు ఒక బాకీకి మాటిచ్చారు. మన కాంట్రాక్టు చట్టం (1872) 43వ సెక్షన్ ప్రకారం వేరుగా ఒప్పుకుంటే తప్ప ఇద్దరిలో ఎవరినైనా మొత్తం బాకీకి పట్టుకోవచ్చు. స్పెయిన్ సివిల్ కోడ్ 1137వ అధికరణం దీనికి తలకిందులుగా మొదలవుతుంది: ప్రత్యేకంగా రాస్తే తప్ప ఎవరి వాటాకు వారే బాధ్యులు. ఎవరి వాటాకు వారైతే మంకొమునాదా, ఎవరినైనా మొత్తానికి పట్టుకోగలిగితే సొలిదారియా. వ్యాపార వ్యవహారాల్లో అక్కడి కోర్టులు ఈ నియమాన్ని కొంత సడలించిన మాట నిజమే. అయినా కాగితం మీద సొలిదారియా అన్న మాట ఉందా లేదా అన్నది లక్షల్లో తేడా తెస్తుంది. దాన్ని సంఘీభావం, ఐకమత్యం అని చదివేసి మురిసిపోతే, తర్వాత భాగస్వామి బాకీ మొత్తం మన గుమ్మంలోకి వస్తుంది.

గడువు తీరిపోవడానికి స్పానిష్‌లో రెండు మాటలు: ప్రెస్క్రిప్సియోన్, కదుసిదాద్. రెండోదాన్ని రొయ్యల ప్యాకెట్లు చూసేవాళ్లు గుర్తుపడతారు, ‘ఫేచా దె కదుసిదాద్’ అంటే ఆ తేదీ దాటితే తినకూడదు. చట్టంలోనూ దాని స్వభావం అదే: తేదీ దాటితే హక్కు పోతుంది, మధ్యలో ఆపడం సాధారణంగా కుదరదు. ప్రెస్క్రిప్సియోన్ అలా కాదు. స్పెయిన్‌లో మామూలు కాంట్రాక్టు బాకీలకు 2015 సవరణ తర్వాత అది ఐదేళ్లు. సివిల్ కోడ్ 1973వ అధికరణం ప్రకారం బాకీ అడుగుతూ కోర్టు బయట పంపిన లేఖ కూడా ఆ గడువును తెంచి మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలుపెడుతుంది. మన లిమిటేషన్ చట్టంలో ఎన్ని నోటీసులు పంపినా మూడేళ్ల గడువు కదలదు; బాకీ ఉన్నవాడు గడువు లోపల రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, లేదా కొంత కట్టాలి. అందుకే నెల్లూరు కోర్టులో ప్రాక్టీసున్న లాయరుకు స్పెయిన్ నుంచి వచ్చిన రిజిస్టర్డ్ లెటర్ ‘ఊరికే అడుగుతున్నారులే’ అనిపించవచ్చు. అది ఊరికే పంపింది కాదు.

రోజుల లెక్క కూడా ఇలాంటిదే. దియాస్ నతురాలెస్ అంటే క్యాలెండర్ రోజులు. లాటిన్ అమెరికాలో వీటినే దియాస్ కొర్రీదోస్ అనడం ఎక్కువ. దియాస్ ఆబిలెస్ పనిదినాలు. ఏదీ చెప్పకుండా వట్టి దియాస్ అని రాస్తే? స్పెయిన్ సివిల్ కోడ్ లెక్కలో ఆదివారాలు, పండగలు కూడా రోజులే. ప్రభుత్వ కార్యాలయాలతో వ్యవహారమైతే 2015 నాటి 39వ చట్టం ప్రకారం పనిదినాలనే లెక్క. కోర్టుల్లోనేమో అత్యవసరాలు మినహా ఆగస్టు నెలంతా లెక్కలోకి రాదు. ఒకే మాటకు మూడు చోట్ల మూడు లెక్కలు. కాంట్రాక్టు రాసేటప్పుడే పక్కన నతురాలెస్ అనో, ఆబిలెస్ అనో ఒక మాట చేర్చమని అడగడానికి ఖర్చేమీ కాదు.

‘వీసియోస్ ఒకుల్తోస్’ అంటే బయటికి కనిపించని లోపాలు. గ్రానైట్‌లో కోశాక బయటపడే పగులు అనుకోండి, రొయ్యల్లో కరిగించాక తెలిసే నాణ్యత అనుకోండి. 1885 నాటి స్పెయిన్ వాణిజ్య కోడ్ 342వ అధికరణం వీటిమీద ఫిర్యాదుకు 30 రోజులిస్తుంది. కానీ అంతర్జాతీయ సరుకు అమ్మకాల మీద 1980 వియన్నా ఒప్పందం వర్తిస్తే లెక్క మారుతుంది. లోపం తెలిసిన, లేదా తెలియాల్సిన నాటి నుంచి సహేతుకమైన సమయంలో చెప్పాలి. సరుకు చేతికొచ్చిన రెండేళ్లు దాటితే సాధారణంగా చెప్పే హక్కు పోతుంది. స్పెయిన్, మెక్సికో, చిలీ, పెరూ, అర్జెంటీనా, కొలంబియా, ఈక్వడార్ అందులో సభ్యులు. భారత్ కాదు. మనం సభ్యులం కాకపోయినా, కాంట్రాక్టులో ‘లెయ్ అప్లికాబ్లె’ (వర్తించే చట్టం) కింద స్పెయిన్ చట్టం అని రాసి, ఆ ఒప్పందాన్ని వద్దని చెప్పకపోతే, అది మన అమ్మకానికి వర్తించే దారి ఉంది.

నొతారియో గురించి కూడా ఒక మాట. మన కోర్టు ఆవరణలో అఫిడవిట్ మీద ముద్ర వేసే నోటరీతో ఆయనకు పోలిక తక్కువ. స్పెయిన్‌లో నొతారియో లా చదివి గట్టి పోటీ పరీక్ష రాసి నియమితుడైన ప్రభుత్వ అధికారి. ఆయన ముందు జరిగిన ‘ఎస్క్రితూరా పూబ్లికా’కు చాలా బలం ఉంటుంది, కొన్ని బాకీల్లో దాంతో నేరుగా అమలుకు వెళ్లొచ్చు. ‘మీ కంపెనీ తరఫున సంతకం పెట్టేవారి పొదేర్ పంపండి’ అని మెయిల్ వస్తే అడుగుతున్నది అధికారపత్రం, అంటే పవర్ ఆఫ్ అటార్నీ. ఆ అధికారం ఉన్నవాడు అపొదెరాదో. మన దగ్గర నోటరీ చేయించి స్కాన్ పంపితే సరిపోదు. దాని మీద విదేశాంగ శాఖ వేసే అపొస్టీల్, అంటే విదేశాల్లో కూడా చెల్లేలా చేసే ధ్రువీకరణ కావాలి. దీనికి మూలమైన హేగ్ ఒప్పందం భారత్‌లో 2005లో అమల్లోకి వచ్చింది. తర్వాత స్పానిష్ అనువాదం కూడా అడుగుతారు. స్పెయిన్ విదేశాంగ శాఖ నియమించిన ‘త్రదుక్తోర్ హురాదో’, అంటే ప్రమాణం చేసిన అనువాదకుడు చేసినదైతే అక్కడి అధికారిక కార్యాలయాలతో పేచీ ఉండదు. మెక్సికోలో ఈ పని ‘పెరీతో త్రదుక్తోర్’ చేస్తాడు.

ఇరవై దేశాల స్పానిష్

స్పానిష్ ఒకటే భాష, కానీ చట్టాలు దేశానికొకటి. కంపెనీ పేరు చివరి అక్షరాలు చూడగానే ఏ దేశమో, ఏ రకం కంపెనీయో సగం తెలుస్తుంది. ఎస్.ఎల్. స్పెయిన్ ప్రైవేటు లిమిటెడ్ లాంటిది. ఎస్.ఏ. దె సి.వి. అని ఉంటే ఎక్కువగా మెక్సికో. ఎస్.ఏ.సి. అయితే పెరూ. ఎస్.ఏ.ఎస్. కొలంబియాలో 2008 చట్టంతో వచ్చి అక్కడ బాగా వ్యాపించింది. పన్ను నంబరు స్పెయిన్‌లో ఎన్.ఐ.ఎఫ్., మెక్సికోలో ఆర్.ఎఫ్.సి., అర్జెంటీనాలో కుయిత్, చిలీలో రుత్, పెరూ, ఈక్వడార్లలో రుక్, కొలంబియాలో నిత్. ఉల్లంఘన వల్ల కాంట్రాక్టు రద్దు చేసుకోవడాన్ని స్పెయిన్ లాయరు రెసొలుసియోన్ అంటాడు. అదే పనికి మెక్సికో లాయరు రెస్సిసియోన్ అంటాడు. స్పెయిన్‌లో రెస్సిసియోన్ అంటే వేరే పరిస్థితుల్లో వాడే మరో పరిహారం.

రొయ్యకు కూడా ఒక పేరు లేదు. ఈక్వడార్, మెక్సికోల్లో కమరోన్. స్పెయిన్‌లో మన వనామిని లంగొస్తీనో అని అమ్ముతారు, గాంబా అన్నది మరికొన్ని రకాలకు. చిలీలో లంగొస్తీనో అంటే అసలు మన రొయ్యే కాదు, స్క్వాట్ లాబ్‌స్టర్ అనే వేరే జీవి. అందుకే లేబుల్ మీద శాస్త్రీయ నామం ఉండాలన్న యూరప్ నియమం మనకు మేలే చేస్తుంది. ఐస్ పూతను గ్లసెయాదో అంటారు. ‘పేసో నేతో ఎస్కుర్రీదో’ అంటే నీరు ఓడ్చిన నికర బరువు. యూరప్ నిబంధన ప్రకారం ఐస్ పూతను నికర బరువులో కలపకూడదు. కౌంటుకు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలన్న సైజుకు మాట తాయా, తల తీసినది ‘సిన్ కబేసా’, తోక ఉంచినది ‘కోన్ కోలా’.

అంకెల దగ్గర మరీ జాగ్రత్త కావాలి. స్పెయిన్‌లో చుక్క వేలను విడదీస్తుంది, కామా దశాంశాన్ని చూపిస్తుంది. 12.500 కిలోలు అంటే పన్నెండున్నర వేల కిలోలు, పన్నెండున్నర కిలోలు కాదు. మెక్సికో, పెరూలు మనలాగే రాస్తాయి. ఇక బియోన్ ఇంగ్లీషు బిలియన్ కాదు. బిలియన్ వంద కోట్లు, బియోన్ లక్ష కోట్లు. వంద కోట్లకు స్పానిష్‌లో ‘మిల్ మియోనెస్’, వెయ్యి మిలియన్లు.

ఎలా నేర్చుకోవాలి

పునాది లేకుండా లీగల్ స్పానిష్ రాదు. ఏ2 స్థాయి (యూరప్ భాషా స్థాయిల్లో రెండో మెట్టు) వరకు మామూలు భాష, ముఖ్యంగా క్రియారూపాలు వచ్చి ఉండాలి. హైదరాబాద్ ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో స్పానిష్ చెబుతారు, ఢిల్లీలో స్పెయిన్ ప్రభుత్వ భాషా సంస్థ ఇన్‌స్తితూతో సెర్వాంతెస్ ఉంది, స్పానిష్ వచ్చని చూపే డెలె సర్టిఫికెట్ వాళ్లే ఇస్తారు. ఉద్యోగానికి ఆ సర్టిఫికెట్ పనికొస్తుంది. కానీ డెలె మామూలు భాషా పరీక్ష, బి2 పాసైనంత మాత్రాన కాంట్రాక్టు చదవడం వచ్చేసినట్టు కాదు. ఇది కోర్సుల తప్పు కాదు, వాటి పని అది కాదు.

పునాది పడ్డాక పదాల జాబితాలు కొనొద్దని చెబుతాను. అక్షరక్రమంలో ఉన్న మూడు వేల పదాల్లో మీ బల్లమీదికొచ్చేవి మూడొందలు కూడా ఉండవు. దాని బదులు వియన్నా ఒప్పందాన్ని తీసుకోండి. 101 అధికరణాలు. స్పానిష్ ప్రతి అనువాదం కాదు, ఇంగ్లీషుతో సమానంగా చెల్లే ఆరు అసలు ప్రతుల్లో ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టుకుని రోజుకో అధికరణం చదివితే కొన్నవాడు, అమ్మినవాడు, సరుకు అప్పగింత, లోపం, నష్టపరిహారం, రద్దు, ఇవన్నీ వాక్యంలో ఎలా నడుస్తాయో తెలిసిపోతుంది. 25వ అధికరణంలోని ‘ఇంకుంప్లిమియెంతో ఎసెన్సియాల్’, అంటే కాంట్రాక్టు మూలాన్నే దెబ్బతీసే ఉల్లంఘన, అన్న ఒక్క భావం పట్టుబడితే మిగతా సగం తేలికవుతుంది. సీఫుడ్ నిబంధనల కోసం యూరోపియన్ యూనియన్ చట్టాల వెబ్‌సైట్ యూర్‌లెక్స్ ఉంది, అక్కడ ఒకే పేజీలో రెండు భాషల్ని పక్కపక్కన తెరవొచ్చు. పదం దగ్గర అనుమానం వస్తే స్పానిష్ రాయల్ అకాడమీ నడిపే లీగల్ డిక్షనరీ ఉచితంగా ఆన్‌లైన్లో దొరుకుతుంది; దేశాన్ని బట్టి అర్థం మారే చోట ఏ దేశపు వాడుకో అందులో చెబుతారు.

వీటితో పాటు మీ ఆఫీసు పాత ఫైళ్లు తీయండి. ముగిసిపోయిన ఆర్డర్లు, ఇన్వాయిస్‌లు, బిల్ ఆఫ్ లేడింగ్‌లు. బిల్ ఆఫ్ లేడింగ్‌ను స్పానిష్‌లో ‘కొనొసిమియెంతో దె ఎంబార్కె’ అంటారు, మొదటి మాటను జ్ఞానం అని అనువదించుకుని తికమక పడొద్దు. పదాన్ని ఒంటరిగా రాసుకోకుండా దాని క్రియతో కలిపి రాసుకోవాలి. ఫక్తూరా అని రాసుకుంటే సగమే. ‘ఎమితీర్ ఉనా ఫక్తూరా’ ఇన్వాయిస్ ఇవ్వడం, ‘వెన్సేర్’ దాని గడువు తీరడం, ‘ఇంపుగ్నార్’ దానిమీద అభ్యంతరం చెప్పడం. పక్కన ఏ దేశం కాగితంలో చూశారో కూడా రాసుకోండి.

ఫోన్‌లోని అనువాద యాప్‌లు వాడొద్దని చెప్పను. కాగితం దేని గురించో తొందరగా తెలుసుకోవడానికి అవి బాగా పనికొస్తాయి. సొలిదారియా అన్న మాటకు సరైన ఇంగ్లీషు మాటే ఇవ్వొచ్చు కూడా. కానీ ఆ మాట లేకపోతే స్పెయిన్‌లో ఏమవుతుంది, మన దగ్గర ఏమవుతుంది అన్నది దాని అనువాదంలో ఉండదు. ఇంకొకటి, కొనుగోలుదారు ధరలు, బ్యాంకు వివరాలు ఉన్న కాంట్రాక్టును ఉచిత యాప్‌లో అతికించేముందు అందులో గోప్యతా నిబంధన ఉందేమో చూడాలి. స్పానిష్‌లో దాని పేరు ‘కొన్ఫిదెన్సియాలిదాద్’, మామూలుగా చివరి పేజీల్లో ఉంటుంది. ఆ యాప్ కూడా ఆ నిబంధన దృష్టిలో బయటివాడే కావచ్చు.